ఆర్విడ్ కార్ల్‌సన్ పరిశోధనా జీవితాన్ని ఎలా చదవాలి? డోపమిన్ నుంచి లెవోడోపా దాకా

1. నాడీతంతువు

ఈ చర్చావేదికలో అందరికీ నమస్కారం. నాడీకణాలు క్రమంగా క్షీణించే వ్యాధులకు మందులు కనిపెట్టిన వారిలో ఒకరి పరిశోధనా జీవితాన్ని సమీక్షించి సెమినార్‌లో చెప్పమని మా విభాగంలో నాకు అప్పగించారు. నేను స్వీడన్‌కు చెందిన ఆర్విడ్ కార్ల్‌సన్‌ను ఎంచుకున్నాను. 1923 జనవరి 25న ఉప్సాలాలో పుట్టి, లుండ్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, 1959లో గోథెన్‌బర్గ్‌లో ఔషధశాస్త్ర ఆచార్యుడై, 2000 సంవత్సరంలో పాల్ గ్రీన్‌గార్డ్, ఎరిక్ కాండెల్‌లతో కలిసి నోబెల్ బహుమతి పొంది, 2018 జూన్ 29న కన్నుమూసిన శాస్త్రవేత్త ఆయన.

వ్యాసాలు, పదవులు, బహుమతులు అన్నీ సంవత్సరాల వారీగా పట్టికలో పెట్టి మా గురువుగారికి చూపించాను. ఆవిడ పూర్తిగా చదివి, ఇది చిట్టాలా ఉంది గానీ ఇందులో మనిషి ఏం ఆలోచించాడో ఎక్కడా కనిపించడం లేదన్నారు. ఆ మాట నిజమేనని నాకూ అనిపించింది. అందుకే రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. ఈయన కృషిలో ఏ ఘట్టం దగ్గర ఎక్కువసేపు ఆగాలి? వణుకు, బిగుసుకుపోవడం తెచ్చే పార్కిన్సన్ వ్యాధికి వాడే లెవోడోపా మందును కనిపెట్టింది కార్ల్‌సన్ అని ఒక్క వాక్యంలో చెప్పవచ్చా?

2. ఔషధశాస్త్రి

మొదటి ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతాను. 1957కూ 1958కూ మధ్య ఉన్న కొద్ది నెలల దగ్గర ఆగండి. విద్యార్థులకు ఔషధశాస్త్రం బోధించే ప్రతి ఏడూ నేను అక్కడే ఆగుతాను.

1955లో కార్ల్‌సన్ అమెరికాలోని బెథెస్డాకు వెళ్లి బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాలలో కొన్ని నెలలు పనిచేశారు. సర్పగంధ వేరు నుంచి తీసిన రిసర్పిన్ అనే మందు ఇస్తే, మెదడులో నాడీకణాల మధ్య సంకేతాలు మోసే సెరటోనిన్ నిల్వలు తరిగిపోతాయని అక్కడివారు అప్పటికే చూపించారు. రిసర్పిన్ ఇచ్చిన జంతువు కదలకుండా కూలబడటానికి కారణం సెరటోనిన్ తరగడమేనని వారి అభిప్రాయం. అయితే రిసర్పిన్ సెరటోనిన్‌ను మాత్రమే తగ్గిస్తుందా, అడ్రినలిన్ కుటుంబానికి చెందిన పదార్థాలను కూడా తగ్గిస్తుందా అన్న సందేహం కార్ల్‌సన్‌కు కలిగింది. ఆ దారి పట్టడం వ్యర్థమని బ్రోడీ అన్నారు. స్వీడన్‌కు తిరిగి వచ్చాక నిల్స్-ఓకె హిలార్ప్‌తో కలిసి పరీక్షించి చూస్తే ఆ సందేహం సరైనదేనని తేలింది. రిసర్పిన్ ఆ నిల్వలను కూడా ఖాళీ చేస్తోంది.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. మెదడులో ఖాళీ అయిన నిల్వను తిరిగి నింపితే జంతువు లేచి తిరుగుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. ఆ కుటుంబంలోని నోరడ్రినలిన్‌ను నేరుగా ఇస్తే అది రక్తం నుంచి మెదడులోకి చేరదు కనుక, దానికి పూర్వరూపమైన డోపాను రిసర్పిన్‌తో మందకొడిగా పడి ఉన్న కుందేళ్లకు ఇచ్చారు. అవి కొద్దిసేపట్లోనే చెవులు నిక్కించి కదలడం మొదలుపెట్టాయి. సెరటోనిన్ పూర్వరూపం ఇచ్చినప్పుడు ఆ ఫలితం రాలేదు. 1957లో లిండ్‌క్విస్ట్, మాగ్నుసన్‌లతో కలిసి నేచర్ పత్రికలో ప్రచురించింది దీన్నే.

అక్కడితో ఆగిపోయి ఉంటే, నోరడ్రినలిన్ తిరిగి నిండడం వల్లనే కుందేళ్లు లేచాయని లోకమంతా నమ్మేది. కార్ల్‌సన్ బృందం ఆ మెదళ్లలో నోరడ్రినలిన్‌ను కొలిచింది. అది ఏమాత్రం పెరగలేదు. తమ ఊహను తామే పరీక్షించుకుని అది తప్పని తేలినప్పుడు, ఆ తప్పును దాచకుండా, మరి కుందేళ్లను లేపింది ఏమిటని అడిగారు. డోపాకూ నోరడ్రినలిన్‌కూ మధ్య ఉన్న మెట్టు డోపమిన్. అంతవరకు దాన్ని దారిలో ఉన్న మజిలీగానే చూసేవారు. దాన్ని కొలవడానికి కొత్త పద్ధతి తయారు చేసుకుని, మెదడులో సహజంగానే డోపమిన్ ఉందనీ, రిసర్పిన్ ఇస్తే అది పోతుందనీ, డోపా ఇస్తే తిరిగి వస్తుందనీ 1958లో సైన్స్ పత్రికలో చూపించారు. మీ పట్టికలో ఇవి రెండు వరుసలు మాత్రమే. నా దృష్టిలో ఆయన జీవితంలోని మిగతా కృషి అంతా ఈ రెండు వరుసల నుంచి పుట్టినదే.

3. చరిత్రాన్వేషి

ఔషధశాస్త్రి గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూనే, నాడీతంతువు గారి రెండో ప్రశ్నకు చెప్పకూడదనే జవాబిస్తాను.

డోపాను 1911లో కాసిమిర్ ఫంక్ ప్రయోగశాలలో తయారు చేశారు. 1913లో మార్కుస్ గుగ్గెన్‌హైమ్ ఒక రకం చిక్కుడు గింజల నుంచి దాని సహజరూపాన్ని, అంటే లెవోడోపాను, వేరు చేసి, స్వయంగా 2.5 గ్రాములు మింగి తీవ్రమైన వాంతులతో బాధపడ్డారు. దూలగొండి గింజల్లో అదే పదార్థం ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి తేల్చారు. డోపాను డోపమిన్‌గా మార్చే ఎంజైమ్‌ను 1938లో పీటర్ హోల్ట్స్ కనుగొన్నారు. మెదడులో డోపమిన్ ఉందన్న సూచనను 1957లోనే కాథ్లీన్ మాంటేగ్యూ ప్రచురించారు. కాబట్టి పదార్థం పాతదే. అది మెదడులో ఒక స్వతంత్రమైన పని చేస్తుందనీ, ఆ పని కదలికకు సంబంధించినదనీ ప్రయోగపూర్వకంగా నిలబెట్టడం కార్ల్‌సన్ కృషి.

ఆయన బృందానికే చెందిన బర్ట్‌లర్, రోసెన్‌గ్రెన్, 1959లో అచ్చయిన తమ పనిలో, డోపమిన్ మెదడంతటా సమంగా పరచుకుని ఉండదనీ, కదలికను నియంత్రించే స్ట్రయాటమ్‌లో పోగుపడి ఉంటుందనీ చూపించారు. రక్తపోటుకు రిసర్పిన్ తీసుకునే కొందరిలో వణుకు, బిగుసుకుపోవడం కనిపిస్తున్నాయని వైద్యులకు అప్పటికే తెలుసు. ఈ రెండూ కలిపి చూసి, ఆ పని అచ్చుకాకముందే, పార్కిన్సన్ వ్యాధికీ డోపమిన్‌కూ సంబంధం ఉండవచ్చని కార్ల్‌సన్ 1958లో ఒక సదస్సులో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన కూడా 1959లో అచ్చయింది.

1960లో లండన్‌లో జరిగిన సీబా సదస్సులో ఎదురైన స్పందనను కూడా మీ సెమినార్‌లో చెప్పండి. హెన్రీ డేల్, జాన్ గాడమ్, మార్తా ఫోక్ట్ వంటి ఆ రంగంలోని మహామహులు అక్కడ ఉన్నారు. మెదడులో సంకేతాలు ప్రధానంగా విద్యుత్తు ద్వారానే సాగుతాయన్న భావన అప్పటికింకా బలంగా ఉంది. కార్ల్‌సన్ ఫలితాలను అక్కడ ఎక్కువమంది అంగీకరించలేదు. డోపాను విషంగా పరిగణించాలేమోనన్న మాట కూడా అక్కడ వచ్చింది. ఈ సంగతులను కార్ల్‌సన్ స్వయంగా తన నోబెల్ ప్రసంగంలో చెప్పుకున్నారు. మాటకు మాటగా జవాబివ్వడం కంటే నాడీకణంలో ఆ పదార్థాన్ని కంటికి చూపించడం మేలని హిలార్ప్‌తో కలిసి ఆయన నమ్మారు. ఫార్మాల్డిహైడ్ ఆవిరి తగిలిస్తే ఈ పదార్థాలున్న కణాలు సూక్ష్మదర్శినిలో వెలుగుతాయి. ఫాక్, హిలార్ప్‌ల పేరుతో ప్రసిద్ధమైన ఆ పద్ధతి వచ్చాక, 1964లో డాల్‌స్ట్రోమ్, ఫుక్సే మెదడులో ఆ నాడీకణాల స్థానాలను గుర్తించి పటం గీశారు. సందేహించిన వారికి ఆ వెలుగే సమాధానమయింది.

4. గణకుడు

గణాంకశాస్త్రం నా వృత్తి, వైద్యం కాదు. అందుకని ఒక అనుమానం. కుందేళ్లలో చూసినది మనుషులకు వర్తిస్తుందని ఎలా నిర్ధారించారు? రోగుల మెదళ్లను పరిశీలించిన మొదటి అధ్యయనంలో ఎందరు ఉన్నారు? తక్కువమందిని చూసి పెద్ద నిర్ణయానికి వచ్చిన సందర్భాలు వైద్యంలో చాలా ఉన్నాయి కనుక అడుగుతున్నాను.

5. చరిత్రాన్వేషి

న్యాయమైన ప్రశ్న. ఆ పని చేసినది వియన్నాలోని ఓలె హోర్నికీవిచ్. బర్ట్‌లర్, రోసెన్‌గ్రెన్‌ల ఫలితం చదివిన ఆయన, రోగుల మెదళ్లనే నేరుగా పరీక్షించాలని నిర్ణయించుకుని, హెర్బర్ట్ ఎరింగర్‌తో కలిసి శవపరీక్షల నుంచి నమూనాలు సేకరించారు. 1960లో వారు ప్రచురించిన వ్యాసంలో పార్కిన్సన్ వ్యాధిగ్రస్తుల మెదళ్లు ఆరు మాత్రమే. గణకుడు గారి దృష్టిలో ఇది చాలా చిన్న సంఖ్య.

అయినా ఆ ఫలితం నిలబడటానికి ఒక కారణం తేడా ఎంత పెద్దదో చూస్తే తెలుస్తుంది. డోపమిన్ ఉంటే గులాబీ రంగు వచ్చే రసాయన చర్యను ఆయన వాడారు. ఆరోగ్యవంతుల నమూనాల్లో రంగు వచ్చింది. పార్కిన్సన్ నమూనాలో దాదాపు ఏమీ రాలేదు. కొలత పరికరంలో పెట్టకముందే పరీక్షనాళికను చూసి తేడా తెలిసిందని హోర్నికీవిచ్ తర్వాత గుర్తు చేసుకున్నారు. మరొక కారణం, కదలికను దెబ్బతీసే ఇతర వ్యాధులతో, హంటింగ్టన్ వ్యాధితో సహా, మరణించిన వారి మెదళ్లను కూడా పోల్చి చూడటం. వాటిలో ఈ లోటు కనిపించలేదు. నమూనాల సంఖ్య చిన్నదే గానీ ఏ నమూనాలను పక్కపక్కన పెట్టి చూడాలో ఆలోచించి ఎంచుకున్నారు.

1961 జూలైలో వియన్నాలోని లైన్జ్ ఆసుపత్రిలో వాల్టర్ బిర్క్‌మేయర్ తన రోగులకు లెవోడోపాను సిరలోకి ఎక్కించారు. మంచం మీద లేచి కూర్చోలేనివారు నడిచారు. గొంతు పూడుకుపోయినవారి మాట స్పష్టమయింది. ఆ ప్రభావం కొన్ని గంటలే నిలిచింది. అదే కాలంలో మాంట్రియల్‌లో ఆండ్రే బార్బో బృందం నోటి ద్వారా ఇచ్చి చూసింది.

6. వెన్నెలదారి

నేను శాస్త్రవేత్తను కాను. మా అమ్మకు పార్కిన్సన్ వ్యాధి వచ్చి పదకొండేళ్లయింది. ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. ఆ కుందేళ్లు లేచి కదిలాయన్న చోట చదవడం ఆపి, కాసేపు అమ్మ పక్కన కూర్చున్నాను. పొద్దున మొదటి మాత్ర వేసిన ముప్పావు గంటకు ఆమె చేతులు వదులై, కాలు ముందుకు పడే దృశ్యం నేను రోజూ చూస్తున్నదే. దాని వెనుక ఇంత కథ ఉందని నాకు తెలియదు.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. మొదటి నాలుగేళ్లు మాత్ర ప్రభావం రోజంతా ఉన్నట్టే ఉండేది. ఇప్పుడు మూడు గంటలు కూడా నిలవడం లేదు, మధ్యలో ఒళ్లు తనకు తానే మెలికలు తిరుగుతోంది. అంటే మందే నాడీకణాలను చంపుతోందా? ఈ భయంతోనే మొదట్లో అమ్మ రెండేళ్లు మందు మొదలుపెట్టకుండా వాయిదా వేసింది. ఇంకొకటి, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న భోజనంతో పాటు మాత్ర వేసుకుంటే పనిచేయదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొదట చూసిన వైద్యులు ఆ మాట చెప్పలేదు. అది నిజమేనా, ఎందుకలా?

7. ఔషధశాస్త్రి

వెన్నెలదారి గారూ, మీ రెండో సందేహం నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అది నిజమే, దాని కారణమూ స్పష్టమే. లెవోడోపా ఒక అమైనో ఆమ్లం. పేగు గోడను, తర్వాత మెదడు చుట్టూ ఉన్న రక్షణ పొరను దాటడానికి అది ప్రత్యేకమైన వాహక ప్రోటీన్ల మీద ఆధారపడుతుంది. మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు వచ్చే ఇతర అమైనో ఆమ్లాలు కూడా అదే వాహకం కోసం పోటీ పడతాయి. పోటీ ఎక్కువైతే మందు ఆలస్యంగా, తక్కువగా చేరుతుంది. అందుకే మాత్రకూ భోజనానికీ మధ్య వ్యవధి ఉంచమంటారు. మాంసకృత్తులు పూర్తిగా మానకూడదు. వేళల మార్పు ఏదైనా మీ వైద్యులతో మాట్లాడాకే చేయండి.

ఇక మొదటి సందేహం. రక్తంలో లెవోడోపా పరిమాణం సుమారు గంట, గంటన్నరలో సగానికి పడిపోతుంది. వ్యాధి తొలి దశలో మిగిలి ఉన్న నాడీకణాలు మందు నుంచి తయారైన డోపమిన్‌ను దాచుకుని అవసరమైనంత మేరకు నెమ్మదిగా వదులుతాయి. వ్యాధి ముదిరేకొద్దీ దాచుకునే కణాలు తగ్గుతాయి కనుక, రక్తంలో మందు ఎక్కినప్పుడు మెదడులోనూ ఎక్కుతుంది, దిగినప్పుడు దిగుతుంది. మెలికలు తిరగడం చాలామందిలో ఎక్కినప్పుడు వస్తుంది, బిగుసుకుపోవడం దిగినప్పుడు. తగ్గిపోతున్నది మాత్ర బలం కాదు, దాన్ని నిల్వ చేసే గిడ్డంగి. ఆ క్షీణత వ్యాధి వల్ల వచ్చేది.

మందు కణాలను చంపుతుందేమోనన్న భయం మీ అమ్మగారిది మాత్రమే కాదు, వైద్యులనూ చాలాకాలం వేధించింది. 2004లో వచ్చిన ఎల్‌డోపా ట్రయల్‌లో 361 మంది పాల్గొన్నారు. 40 వారాలు మందు ఇచ్చి, రెండు వారాలు ఆపి చూస్తే, మందు తీసుకున్నవారే మెరుగ్గా ఉన్నారు. కాని మెదడు స్కానింగ్ మాత్రం దానికి విరుద్ధమైన సూచన ఇచ్చింది. ఆ చిక్కును విడదీయడానికి చేసిన లీప్ ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. దాని నిర్మాణం గురించి గణకుడు గారు నాకంటే బాగా వివరించగలరు.

8. గణకుడు

సంతోషంగా. లీప్ ట్రయల్‌లో 445 మందిని రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి 80 వారాలూ లెవోడోపా ఇచ్చారు. రెండో వర్గానికి మొదటి 40 వారాలు ఉత్తుత్తి మాత్ర, తర్వాతి 40 వారాలు లెవోడోపా ఇచ్చారు. మందు వ్యాధిని నెమ్మదింపజేసేదైతే ముందు మొదలుపెట్టినవారు చివరికి మెరుగ్గా ఉండాలి. హాని చేసేదైతే వారే వెనుకబడాలి. 80 వారాల తర్వాత రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. లక్షణాలకు ఉపశమనం ఉంది, వ్యాధి గతి మీద మేలూ కనిపించలేదు, కీడూ కనిపించలేదు.

ఆలస్యంగా మొదలుపెట్టిన వర్గంవారు ఆ 40 వారాలు ఉపశమనం లేకుండా గడిపారు. దానికి బదులుగా తర్వాత వారికి దక్కిన అదనపు ప్రయోజనం ఏదీ లేదు. వెన్నెలదారి గారి అమ్మగారు వాయిదా వేసిన రెండేళ్ల గురించి చదివినప్పుడు నాకు ఈ అంకెలే గుర్తుకొచ్చాయి.

9. వెన్నెలదారి

ఈ వివరణను అమ్మకు చదివి వినిపించాను. తను చేతులారా చెడగొట్టుకోలేదన్న మాట ఆమెకు కావలసి ఉంది. మీ ఇద్దరికీ నా నమస్కారాలు.

10. చరిత్రాన్వేషి

1961 తర్వాత ఏం జరిగిందో చెప్పకపోతే నాడీతంతువు గారి సమీక్ష అసంపూర్ణమవుతుంది. ఆ తర్వాత ఆరేళ్లపాటు ఫలితాలు కలగాపులగంగా వచ్చాయి. కొద్ది మోతాదుల్లో ఇచ్చినవారికి ప్రయోజనం కనిపించలేదు, మోతాదు పెంచితే వాంతులు. చాలామంది ఆ దారి వదిలేశారు. 1967లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో జార్జ్ కోట్జియాస్, నోటి ద్వారా అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతూ రోజుకు కొన్ని గ్రాముల దాకా వెళ్లి, 16 మంది రోగుల్లో ఎనిమిది మందికి గణనీయమైన మెరుగుదల చూపించారు. వ్యాధిలో రంగు కోల్పోయే, మెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగపు కణాల్లో మెలనిన్ అనే నల్లటి రంగుపదార్థాన్ని తిరిగి నింపాలన్న ఆలోచన కూడా ఆయనను డోపా వైపు నడిపించింది. వాడింది కుడి, ఎడమ రూపాలు కలిసిన డోపా కావడంతో కొందరిలో తెల్ల రక్తకణాలు తగ్గాయి. ఎడమ రూపమైన లెవోడోపాకే పరిమితమయ్యాక ఆ చిక్కు తొలగింది. అమెరికాలో 1970లో దానికి అనుమతి వచ్చింది. మెదడుకు చేరకముందే శరీరంలో లెవోడోపా డోపమిన్‌గా మారిపోకుండా ఆపే కార్బిడోపా, బెన్సెరజైడ్‌లను కలిపిన మాత్రలు 1970ల మధ్యకల్లా వచ్చి, మోతాదునూ వాంతులనూ బాగా తగ్గించాయి.

కాబట్టి లెవోడోపాను కనిపెట్టినది ఎవరని అడిగితే నేను ఒక పేరు చెప్పలేను. 1979లో వోల్ఫ్ బహుమతి కార్ల్‌సన్, హోర్నికీవిచ్ ఇద్దరికీ, రోజర్ స్పెర్రీతో పాటు దక్కింది. 2000లో నోబెల్ ఇచ్చినప్పుడు హోర్నికీవిచ్ పేరు లేదు. 200 మందికి పైగా నాడీశాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాసి ఆవేదన తెలిపారు. వారి ఆవేదన సరైనదేనని నా అభిప్రాయం. కుందేలు నుంచి మనిషికి దాటిన అడుగు ఆయనది.

11. సత్యశోధక్

అందరూ విజయాలే చెబుతున్నారు. పరిశోధనా జీవితాన్ని సమీక్షించేటప్పుడు ఫలించని ప్రయత్నాలను వదిలేయడం సరికాదు. కార్ల్‌సన్ పాలుపంచుకుని రూపొందించిన జిమెలిడిన్, నాడీకణాలు సెరటోనిన్‌ను తిరిగి పీల్చుకోవడాన్ని ఆపే కుంగుబాటు మందుల్లో మార్కెట్‌కు మొదట వచ్చినవాటిలో ఒకటి. నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే గియాన్-బారే సిండ్రోమ్ కేసులు కనిపించడంతో 1983లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆయన సహచరులతో కలిసి స్థాపించిన కార్ల్‌సన్ రిసెర్చ్ నుంచి వచ్చిన ప్రిడోపిడిన్ హంటింగ్టన్ వ్యాధి మీద జరిగిన పెద్ద ట్రయల్స్‌లో ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. అన్నిటికంటే పెద్ద మాట, లెవోడోపా వచ్చి అర్ధశతాబ్దం దాటినా క్షీణత ఆగలేదు. నాడీక్షయాన్ని జయించాడని రాస్తే అది అబద్ధమవుతుంది.

12. ఔషధశాస్త్రి

సత్యశోధక్ గారి మాటతో నాకు పేచీ లేదు, వాటిని చేర్చాలనే అంటాను. అయితే ఒక్కొక్కటీ ఏ రకమైన వైఫల్యమో వేరు చేసి చెప్పాలి. జిమెలిడిన్ విషయంలో ఆలోచన సరైనదే, ఆ అణువు ప్రమాదకరం. అదే ఆలోచన మీద నిలిచిన తర్వాతి మందులను ప్రపంచమంతా వాడుతోంది. ప్రిడోపిడిన్ విషయం భిన్నమైనది. డోపమిన్ ఎక్కువైన చోట తగ్గించి, తక్కువైన చోట పెంచే స్థిరీకరణ మందులు ఉండవచ్చని ఆయన భావించారు. ఆ అణువు డోపమిన్ గ్రాహకాల (కణాల మీద డోపమిన్‌ను అందుకునే ప్రోటీన్ల) కంటే సిగ్మా-1 అనే మరో గ్రాహకానికి చాలా బలంగా అతుక్కుంటుందని తర్వాత తేలింది. అంటే ఇక్కడ ప్రశ్నించవలసి వచ్చింది ఆలోచననే.

క్షీణత ఆగలేదన్నది కాదనలేని నిజం. లోటును పూడ్చడం ఒకటి, లోటుకు కారణాన్ని ఆపడం ఇంకొకటి. స్ట్రయాటమ్‌లో డోపమిన్ చాలావరకు పోయాకే లక్షణాలు బయటపడతాయి కనుక, మనం రోగిని చూసేసరికే ఆలస్యమైపోతుంది. ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ ఈ వ్యాధిలో కణాల్లో ముద్దకడుతుందని 1997లో తెలిశాక అసలు కారణం మీద పని ఊపందుకుంది. అది కార్ల్‌సన్ తర్వాతి తరం పని. 1963లో లిండ్‌క్విస్ట్‌తో కలిసి, మానసిక వ్యాధులకు వాడే క్లోర్‌ప్రోమజైన్, హాలోపెరిడాల్ మెదడులో డోపమిన్, నోరడ్రినలిన్ వంటి పదార్థాల గ్రాహకాలను అడ్డుకుంటాయన్న సూచన చేసిన వ్యాసాన్ని కూడా మరవకండి. డోపమిన్ తక్కువైతే ఏమవుతుందో చూపినవారే, దాన్ని అడ్డుకుంటే ఏమవుతుందో కూడా చూపారు.

13. నాడీతంతువు

ఇన్ని రోజులు ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. పాత పట్టికను పక్కన పెట్టి మళ్లీ రాస్తున్నాను. నోరడ్రినలిన్ పెరగలేదన్న ఆ కొలతతో మొదలుపెడతాను. అక్కడి నుంచి స్ట్రయాటమ్, వియన్నాలో రంగు రాని పరీక్షనాళిక, 1961 నాటి రోగులు, కోట్జియాస్ మోతాదులు వరుసగా వస్తాయి. ప్రతిచోటా ఆ పని తర్వాతివారికి ఏ ప్రశ్నను మిగిల్చిందో రాస్తాను. జిమెలిడిన్, ప్రిడోపిడిన్‌లకు ఒక పూర్తి భాగం కేటాయించాను. లీప్ ట్రయల్‌తో ముగిస్తాను. కనిపెట్టినది కార్ల్‌సన్ అన్న వాక్యం తీసేశాను.

వెన్నెలదారి గారూ, మీ పేరు గానీ అమ్మగారి వివరాలు గానీ లేకుండా, పొద్దున మాత్ర వేసిన ముప్పావు గంట తర్వాతి దృశ్యాన్ని మొదట్లో ప్రస్తావించడానికి అనుమతిస్తారా?

14. వెన్నెలదారి

తప్పకుండా రాయండి. అమ్మను కూడా అడిగాను. మొదట కదిలేది కాలు కాదనీ, కుడిచేతి బొటనవేలనీ, అది సరిగ్గా రాయమనీ చెప్పింది.